సి.ఐ.బి. క్వార్టర్స్ నుంచి హౌసింగ్ బోర్డు కాలనీ దాకా

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, ఖైరతాబాద్ వంటి పాత పేటల చిరునామాల్లో "సి.ఐ.బి. క్వార్టర్స్" అన్న మాట నేటికీ కనిపిస్తుంది, కూకట్‌పల్లి, మౌలాలి, బాగ్‌లింగంపల్లి వైపు వెళితే ఆ స్థానంలో "హౌసింగ్ బోర్డు" అన్న మాట ఉంటుంది. ఈ రెండు పేర్లూ ఒకే పరంపరకు చెందిన ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థవే. నిజాం ప్రభుత్వం 1912లో నెలకొల్పిన నగరాభివృద్ధి మండలి, అంటే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, స్వాతంత్ర్యానంతరం హౌసింగ్ బోర్డుగా మారింది. నూరేళ్లు దాటిన ఈ చరిత్రలో ఆ సంస్థ మొదట ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది, తరువాత కట్టిన ఇళ్లను వాయిదాల మీద అమ్మింది, ఆపైన తన చేతిలో ఉన్న భూమినే అమ్మకానికి పెట్టింది. ఒక్కొక్క మార్పుతో ఇల్లు లేనివాడికీ ఈ సంస్థకూ మధ్య ఎడం ఎలా పెరిగిందో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

సంస్థ పుట్టుకకు మూలం మూసీ వరద. 1908 సెప్టెంబర్ 28న నది ఒక్కసారిగా పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు సుమారు 15,000 మంది మరణించారని అంచనా. కోల్సావాడి వంటి నదీతీరపు పేటలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1909లో రప్పించిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్క తేల్చి, ఎగువన నీటిని పట్టి నిలిపే జలాశయాలు కడితే తప్ప ఇటువంటి ముప్పు తప్పదని నివేదించారు. ఆ సలహా ప్రకారమే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొదటిది 1920లోనూ, రెండోది 1927లోనూ పూర్తయ్యాయి. వరద కథ చెప్పేవారు సాధారణంగా ఈ రెండు జలాశయాల దగ్గర ఆగిపోతారు. అయితే వరద లేవనెత్తిన ప్రశ్న నీటికి మాత్రమే సంబంధించినది కాదు. నది పక్కన, పల్లపు నేలల్లో, గాలీ వెలుతురూ చొరని ఇరుకు సందుల్లో అంతమంది ఎందుకు కాపురం ఉండవలసి వచ్చింది, వారిని మళ్లీ ఎక్కడ కుదురుకోనివ్వాలి అన్నది రెండో ప్రశ్న. 1911 ప్రాంతంలో ప్లేగు కూడా నగరాన్ని పట్టుకోవడంతో ఆ ప్రశ్నను వాయిదా వేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. 1911లోనే గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఆ మరుసటి ఏడు, నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉర్దూ పరిపాలనలో దీన్ని "ఆరాయిష్-ఎ-బల్దా" అని వ్యవహరించేవారు. నగరాన్ని తీర్చిదిద్దే శాఖ అని దాని అర్థం.

ఇటువంటి మండలి హైదరాబాద్‌కు మాత్రమే ప్రత్యేకమైన ఆలోచన కాదు. 1896 నాటి ప్లేగు తరువాత బొంబాయిలో 1898లో ఒక ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వెలిసింది. కలకత్తాలో అటువంటి సంస్థకు 1911లో చట్టం వచ్చింది. ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అంటే, కిక్కిరిసిన పేటలను చట్టబద్ధంగా స్వాధీనం చేసుకొని, పాత ఇళ్లను పడగొట్టి, వెడల్పాటి వీధులు వేసి, ఆ వీధుల వల్ల విలువ పెరిగిన మిగులు స్థలాలను అమ్మి లేదా లీజుకిచ్చి ఖర్చు రాబట్టుకొనే సంస్థ. ఈ పద్ధతిలో ఒక పెద్ద లోపం దాగి ఉంది. వీధి వెడల్పయితే నగరం అందంగా కనబడుతుంది గాని, పడగొట్టిన గుడిసెలో ఉన్నవాడు పక్క పేటలోని మరో గుడిసెలోకి చేరి అక్కడ రద్దీని ఇంకా పెంచుతాడు. బొంబాయి ట్రస్టు మొదటి సంవత్సరాల్లో కట్టిన ఇళ్ల కంటే పడగొట్టినవే ఎక్కువన్న విమర్శ ఆనాడే బలంగా వినిపించింది. హైదరాబాద్ మండలి ఆ విమర్శకు పూర్తిగా అతీతమని చెప్పలేము. కాని పడగొట్టిన చోటనో దానికి చేరువలోనో పేదలకు, చిరుద్యోగులకు పక్కా ఇళ్లు కట్టించడం తన బాధ్యతల్లో ఒకటని అది మొదటి నుంచీ ఒప్పుకున్నది. ఆ ఒప్పుకోలు వల్లనే దాని చరిత్ర కేవలం రోడ్ల చరిత్రగా మిగలలేదు.

మండలి పని నది ఒడ్డు నుంచే మొదలైంది. వరదకు కొట్టుకుపోయిన తీరాన్ని శుభ్రం చేసి, రెండు గట్లనూ రాతికట్టుతో పటిష్ఠం చేసి, ఆ వెంబడి తోటలు వేశారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ వంటి కట్టడాలు ఒక్కొక్కటిగా ఆ ఖాళీ అయిన తీరం మీదనే లేచాయి. చార్మినార్ వైపు వెళ్లే ఇరుకు బజారును వెడల్పు చేసి, ఇరువైపులా ఒకే తీరు రాతి కమానులతో, కింద దుకాణాలు, పైన నివాసాలు ఉండేటట్టు నిర్మించిన పత్తర్‌గట్టి వీధి మండలి చేసిన పనుల్లో అందరికీ కనబడేది. నిజాం రెండో కుమారుడు మొజ్జంజా మండలికి అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, 1935లో పూర్తయిన రాతి మార్కెట్టు ఆయన పేరనే నిలిచింది. నగర సంస్కరణ మీద విశ్వేశ్వరయ్య 1930లో మరొక నివేదిక ఇచ్చారు. దుమ్ములేని సిమెంటు రోడ్లు, మురుగునీటి పారుదల, మార్కెట్లు, పేదల నివాసాలు అన్నిటినీ ఒకే ప్రణాళికలో చూడాలన్నది ఆ నివేదిక ధోరణి.

పర్యాటకులు ఛాయాచిత్రాలు తీసుకొనే ఈ కట్టడాల కంటే, ఎవరూ పట్టించుకోని మండలి క్వార్టర్లే చరిత్ర దృష్టికి ముఖ్యమైనవి. నాంపల్లి, మల్లేపల్లి, మొగల్‌పురా వంటి చోట్ల మురికివాడలను తొలగించి, అద్దె చెల్లించే తాహతును బట్టి ఇళ్లను తరగతులుగా విభజించి, వరుసలుగా కట్టారు. అన్నిటికంటే చిన్న తరగతి ఇంటిలో కూడా గదులకు గాలి వచ్చే దారి, వంటకు వేరే చోటు, చుట్టూ గోడ ఉన్న చిన్న వాకిలి ఉండాలన్న నియమం పాటించారు. ఆ లోపలి వాకిలి ఆనాటి కుటుంబ మర్యాదలకు, ముఖ్యంగా పరదా పాటించే స్త్రీలకు, ఆరుబయట కూర్చొనే వీలు కల్పించింది. వైద్యశాఖ కోరిన గాలీ వెలుతురూ కూడా దాని ద్వారానే ఇంట్లోకి వచ్చాయి. ఇళ్ల మధ్య వీధులకు కాలువలు, నీటి కుళాయిలు, కొంత ఖాళీ స్థలం సమకూర్చారు. వీటికి ప్రభుత్వమే యజమాని. కాపురం ఉండేవాడు అద్దెదారు. అద్దె వసూలు, మరమ్మతు, ఖాళీ చేయించడం అన్నీ మండలి పనే. సంఖ్యలో ఆ ఇళ్లు నగర అవసరానికి ఏమాత్రం సరిపోలేదన్నది నిజమే అయినా, పేదవాడి నివాసానికి ఒక కనీస ప్రమాణం ఉండాలని, ఆ ప్రమాణాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదేనని అంగీకరించిన మొదటి అడుగు అది.

1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత పరిస్థితి రెండు వైపుల నుంచి మారింది. ఒకవైపు కేంద్ర ప్రభుత్వం గృహనిర్మాణాన్ని పంచవర్ష ప్రణాళికల్లో చేర్చి, 1952లో కార్మికులకు సబ్సిడీ గృహాల పథకాన్ని, 1954లో తక్కువ ఆదాయ వర్గాల పథకాన్ని, 1956లో మురికివాడల తొలగింపు పథకాన్ని, 1959లో మధ్య ఆదాయ వర్గాల పథకాన్ని తెచ్చింది. ఇంకొకవైపు 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారడంతో ప్రభుత్వోద్యోగుల కుటుంబాలు పెద్ద ఎత్తున తరలివచ్చి, నగరంలో అద్దె ఇంటికి విపరీతమైన గిరాకీ ఏర్పడింది. ఆ ఏడాదే, హైదరాబాద్ రాష్ట్రం ముగిసేలోగా, హౌసింగ్ బోర్డు చట్టం వచ్చింది. ఆ చట్టం కిందనే 1960లో నగరాభివృద్ధి మండలి బాధ్యతలను స్వీకరిస్తూ ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు పని ప్రారంభించింది. తరువాత దాని పరిధిని ఆంధ్ర ప్రాంతానికి కూడా విస్తరించారు.

చట్టం ప్రకారం బోర్డు ఒక స్వతంత్ర చట్టబద్ధ సంస్థ. అంటే, తన పేరు మీద ఆస్తిని కలిగి ఉండి, అప్పు తెచ్చి, దావా వేసి, దావా ఎదుర్కొనే హక్కు దానికి ఉంటుంది; అయినా దాని అధ్యక్షుణ్ణి నియమించేదీ, దాని పథకాలకు ఆమోదముద్ర వేసేదీ ప్రభుత్వమే. దైనందిన పరిపాలన వైస్ చైర్మన్, హౌసింగ్ కమిషనర్ అనే జంట హోదాలో ఉండే ఐ.ఎ.ఎస్. అధికారి చేతిలో ఉంటుంది. ఈ అమరికలోనే తరువాతి కాలపు చిక్కు ఒకటి ఇమిడి ఉంది. బోర్డు ఖర్చును బోర్డే సంపాదించుకోవాలి గాని, ధరను, లబ్ధిదారుణ్ణి, కొన్నిసార్లు స్థలాన్ని కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

అద్దె పద్ధతి నుంచి అమ్మకం పద్ధతికి మళ్లడానికి కారణం ఈ ఆర్థిక ఏర్పాటే. అద్దెలు తక్కువగా ఉండి, బకాయిలు పేరుకొని, మరమ్మతుల భారం ఏటేటా పెరుగుతూ ఉంటే, ఖాళీ చేయించడం రాజకీయంగా దాదాపు అసాధ్యమయ్యే పరిస్థితి దేశంలోని గృహనిర్మాణ సంస్థలన్నిటికీ అనుభవమే. అమ్మేస్తే పెట్టుబడి తిరిగివస్తుంది, ఆ సొమ్ముతో మరో కాలనీ కట్టవచ్చు, మరమ్మతు కొన్నవాడి తలనొప్పి అవుతుంది అన్నది అధికారుల వాదన. సొంత ఇల్లు అన్న కోరిక ప్రజల్లో బలంగా ఉండటం వల్ల ఆ వాదనకు ఎదురులేకపోయింది. పాత అద్దె క్వార్టర్లను సైతం క్రమంగా అందులో ఉంటున్నవారికే అమ్మే విధానం వచ్చింది.

అమ్మకానికి ఎంచుకున్న ప్రధాన మార్గం హైర్ పర్చేజ్, అంటే అద్దె-కొనుగోలు పద్ధతి. దాని నడక తెలియకుండా బోర్డు కాలనీల స్వభావం అర్థం కాదు. బోర్డు మొదట పత్రికల్లో ప్రకటన ఇస్తుంది. ఆదాయ ధ్రువపత్రంతో, ధరావతు సొమ్ముతో దరఖాస్తులు వస్తాయి. ఇళ్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. పేరు వచ్చినవాడికి అలాట్‌మెంట్ లెటర్, అంటే కేటాయింపు పత్రం అందుతుంది. అతడు ధరలో కొంత భాగం ముందుగా కట్టి ఇంటిలో చేరి, మిగిలినది వడ్డీతో కలిపి ఏళ్ల తరబడి నెలనెలా చెల్లిస్తాడు. ఆఖరి వాయిదా ముట్టేవరకూ చట్టం దృష్టిలో ఇంటికి యజమాని బోర్డే. అంతా తీరిన తరువాతనే సేల్ డీడ్, అంటే విక్రయ దస్తావేజు, రిజిస్టరవుతుంది. భూసేకరణ పరిహారాన్ని న్యాయస్థానం పెంచినప్పుడు ఆ అదనపు భారం కూడా తుది ధరలో చేరి, ఇంట్లో చేరి ఎన్నో ఏళ్లయిన కుటుంబాలకు కొత్త నోటీసుగా వచ్చేది. బోర్డుకూ కొన్నవారికీ మధ్య సాగిన వ్యాజ్యాల్లో చాలా వాటికి మూలం ఈ తుది ధర లెక్కే.

ఈ పద్ధతికి నిధులు సమకూర్చినవాటిలో ముఖ్యమైనది 1970లో కేంద్రం నెలకొల్పిన హడ్కో, అంటే గృహ, పట్టణాభివృద్ధి ఆర్థిక సంస్థ. అది తన రుణాలను కుటుంబ ఆదాయాన్ని బట్టి నాలుగు శ్రేణులుగా విడదీసి, కింది శ్రేణులకు తక్కువ వడ్డీకి ఇచ్చేది. మొత్తం రుణాల్లో సగానికి పైగా ఆర్థికంగా బలహీన వర్గాలకు, తక్కువ ఆదాయ వర్గాలకు కేటాయించాలన్నది దాని నియమం. తెలుగునాట ఇంటి నంబరు ముందు కనిపించే ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అన్న అక్షరాలు ఇటువంటి ఆదాయ విభజనకు గుర్తులే. అవి వరుసగా తక్కువ, మధ్య, అధిక ఆదాయ వర్గాలను సూచిస్తాయి. ఒక కుటుంబం ఆదాయ స్థాయిని దాని చిరునామాలోనే శాశ్వతంగా రాసిపెట్టిన ఈ ఏర్పాటు కొంత వింతగా తోచినా, ఎల్.ఐ.జి. గోడ మీద మూడంతస్తులు లేచిన తరువాత కూడా ఎవరూ ఆ అక్షరాలను చెరపడానికి తొందరపడలేదు.

నెలవారీ వాయిదా కట్టడానికి నెలవారీ జీతం కావాలి. ఉపాధ్యాయుడు, ఆర్.టి.సి. కండక్టరు, బ్యాంకు గుమాస్తా, కర్మాగారంలో ఫిట్టరు ఆ జీతానికి రుజువు చూపగలిగారు గాని, రిక్షా తొక్కేవాడు, మేస్త్రీ కింద పనిచేసే కూలీ, ఇళ్లలో పాచిపని చేసే స్త్రీ చూపలేకపోయారు. కాబట్టి పథకం పేరులో తక్కువ ఆదాయం అని ఉన్నా, అది ఆచరణలో స్థిరమైన తక్కువ ఆదాయం అయింది. బోర్డు ఎవరినీ తలుపు దగ్గర ఆపలేదు. దరఖాస్తు ఫారమే ఆ పని చేసింది.

ఈ విధానానికి అతి పెద్ద నిదర్శనం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. 1970ల చివరి నుంచి దశలవారీగా విస్తరించిన ఈ కాలనీ ఎక్కడ వచ్చిందన్నది గమనించవలసిన విషయం. బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారం, సనత్‌నగర్ పారిశ్రామిక వాడ, రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం ఏర్పడి, బొంబాయి రహదారి వెంబడి వేలాది ఉద్యోగులు పనిచేసే ప్రాంతానికి నడుమ, అప్పట్లో ఊరికి దూరమని జంకే భూముల్లో అది వెలిసింది. ఫేజ్ అని పిలిచే ఒక్కొక్క దశలో ముందుగా వీధులు గీసి, మురుగు, నీటి గొట్టాలు వేసి, బడికి, పార్కుకు, అంగళ్లకు స్థలాలు విడిచి, ఆ తరువాత ఇళ్ల వరుసలు కట్టారు. ఇట్లా స్థలాన్ని వీధులుగా, నివాసాలుగా, ఉమ్మడి జాగాలుగా విభజించి ఆమోదం పొందిన పటాన్నే లేఅవుట్ అంటారు. బోర్డు కట్టిన ఇళ్లు చిన్నవి. ఎల్.ఐ.జి. ఇల్లు ఒక కుటుంబం సర్దుకొని బతకగలిగినంత మాత్రమే. నాణ్యత మీద ఫిర్యాదులకూ కొదవ లేదు. అయితే ఆ ఇంటి కింద కొద్దిపాటి నేల, దాని ముందు దారి, ఆ దారి పక్కన కాలువ ఉన్నాయి. బోర్డు ఇచ్చినదానిలో కాలానికి నిలిచింది ఈ లేఅవుటే గాని గోడలు కావు. నిజానికి గోడల్లో చాలావాటిని కొన్నవారే కూల్చి మళ్లీ కట్టుకున్నారు.

1990లలో ప్రభుత్వరంగ కర్మాగారాలు కొన్ని క్షీణించి, స్వచ్ఛంద విరమణ పథకాలతో ఉద్యోగులు ఇంటికి చేరిన రోజుల్లో ఆ చిన్న జాగాయే ఎన్నో కుటుంబాలకు ఆసరా అయింది. పక్కనే జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉండటం, 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడం, అమీర్‌పేటలో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు కిటకిటలాడటం వల్ల కూకట్‌పల్లి ఒక్కసారిగా రెండు లోకాల మధ్య కూడలిగా మారింది. జిల్లాల నుంచి, కోస్తా పట్టణాల నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన యువతీయువకులకు వసతిగృహాలు, మెస్సులు, అద్దె గదులు అక్కడ వెలిశాయి. వాయిదాల మీద ఇల్లు కొన్న కార్మికుడు పై అంతస్తులు వేసి తానే అద్దె వసూలు చేసే యజమాని అయ్యాడు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో రైలు నడవడంతో ఒకనాటి ఊరి చివర నగరం నడిబొడ్డులో పడింది. సైకిళ్లను, స్కూటర్లను దృష్టిలో పెట్టుకొని గీసిన వీధుల మీద ఇప్పుడు కార్లు వరుస కడుతున్నాయి. ఒక కుటుంబానికి వేసిన మురుగు గొట్టం మూడు నాలుగు అంతస్తుల నీటిని మోయవలసి వస్తున్నది. అయినా, ఏ ప్రణాళికా లేకుండా చీలికలు పేలికలుగా పెరిగిన పరిసర ప్రాంతాలతో పోల్చి చూస్తే, ఇంతటి ఒత్తిడిని తట్టుకొని నిలిచిన ఘనత ఆనాటి లేఅవుట్ గీసిన ఇంజినీర్లకు, డ్రాఫ్ట్స్‌మన్లకు దక్కాలి. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

రాజధానికి బయట కూడా బోర్డు పని సాగింది. హనుమకొండలో, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, విజయవాడ భవానీపురంలో, విశాఖపట్నం సీతమ్మధార వైపున హౌసింగ్ బోర్డు కాలనీలు, ప్రజల నోట హెచ్.బి. కాలనీలు, అదే పద్ధతిలో వచ్చాయి.

ఇంతలో పేదవాడి ఇంటి బాధ్యత వేరే సంస్థకు చేరింది. బలహీన వర్గాలకు, ముఖ్యంగా గ్రామాల్లో, ఇళ్లు కట్టించడానికి 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ప్రత్యేకంగా ఏర్పడింది. 1983 తరువాత పక్కా ఇళ్ల కార్యక్రమమూ, 2006 నుంచి ఇందిరమ్మ కార్యక్రమమూ ప్రధానంగా దాని ద్వారానే నడిచాయి. నగర ప్రణాళిక 1975లో ఏర్పడిన హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే హుడా చేతిలోకి వెళ్లింది. మధ్యతరగతికి అందుబాటు ధరలో ఇళ్లంటూ 2007లో రాజీవ్ స్వగృహ అనే మరో సంస్థ వచ్చింది. ఒక్కొక్క సంస్థ ఏర్పడినప్పుడల్లా దానికి సమంజసమైన కారణమే చూపారు గాని, వీటన్నిటి ఫలితంగా పేదల ఇల్లు ఒకచోట, మధ్యతరగతి ఇల్లు ఒకచోట, నగర పటం ఇంకొకచోట అయిపోయి, 1912 నాటి మండలి ఒకే చేతితో పట్టుకున్న దారం మూడు నాలుగు చేతుల్లో చిక్కుపడింది. పాత బోర్డు చేతిలో మిగిలింది భూమి.

ఆ భూమి విలువ ఆర్థిక సంస్కరణల తరువాత ఊహించని స్థాయికి పెరిగింది. అప్పుడు బోర్డు జాయింట్ వెంచర్ల బాట పట్టింది. జాయింట్ వెంచర్ అంటే, స్థలం బోర్డు ఇస్తుంది, పెట్టుబడి పెట్టి కట్టి అమ్మేది ప్రైవేటు నిర్మాణ సంస్థ, వచ్చిన దానిలో ఒప్పందం ప్రకారం బోర్డుకు వాటా ఉంటుంది. కూకట్‌పల్లి కాలనీ అంచున మలేషియాకు చెందిన నిర్మాణ సంస్థ భాగస్వామ్యంతో లేచిన, జనం మలేషియన్ టౌన్‌షిప్ అని పిలిచే ఎత్తైన భవనాల సముదాయం ఇందుకు పేరొందిన ఉదాహరణ. ఈ ఒప్పందాల్లో తక్కువ ఆదాయ వర్గాలకు కొన్ని ఫ్లాట్లు కేటాయించాలన్న షరతులు ఉండేవి. వాటి అమలు మీద, వాటా లెక్కల మీద వివాదాలు కూడా వచ్చాయి. ఇల్లు కట్టడం ఈ దశలో బోర్డు పనిగా కాక, బోర్డు భూమిలో ఇతరులు చేసే పనిగా మారిందన్నది స్పష్టం.

ఈ సందర్భంలో సింగపూర్‌ను తలచుకోవడం అప్రస్తుతం కాదు. అక్కడి గృహనిర్మాణ మండలి కూడా 1960లోనే పుట్టింది. అది ఫ్లాట్లను అమ్ముతుంది గాని 99 ఏళ్ల లీజుకు మాత్రమే అమ్ముతుంది; నేల ప్రజల ఉమ్మడి ఆస్తిగానే నిలిచి ఉంటుంది. ఇప్పుడు ఆ దేశ నివాసుల్లో అయిదింట నాలుగు వంతుల వరకు ఆ మండలి కట్టిన ఇళ్లలోనే ఉంటున్నారు. ఒక చిన్న ద్వీప రాజ్యానికి, అక్కడి గట్టి ప్రభుత్వానికి వీలైనది తెలుగునాట వీలయ్యేదని చెప్పడం అమాయకత్వమే అవుతుంది. అయినా నేలను అట్టే పెట్టుకున్న సంస్థ మళ్లీ మళ్లీ కట్టగలుగుతుందని, నేలను అమ్ముకున్న సంస్థ ఒక్కసారే కట్టగలుగుతుందని ఆ ఉదాహరణ రుజువు చేస్తున్నది.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిన తరువాత హైదరాబాద్‌లోని బోర్డు తెలంగాణ హౌసింగ్ బోర్డుగా కొనసాగింది. నగర పేదల ఇంటి ప్రశ్న మాత్రం దాని వాకిట్లోకి తిరిగి రాలేదు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలోని ఐ.డి.హెచ్. కాలనీలో శిథిలమైన ఇళ్ల స్థానంలో 396 కొత్త ఇళ్లు కట్టి 2015లో అప్పగించడంతో ఊపందుకున్న డబుల్ బెడ్‌రూమ్ పథకం, 560 చదరపు అడుగుల ఇంటిని లబ్ధిదారు పైసా చెల్లించనవసరం లేకుండా ఇవ్వాలన్న ఉదారమైన సంకల్పంతో సాగింది. పాత వాడ ఉన్నచోటనే కొత్త ఇళ్లు లేచిన ఐ.డి.హెచ్. కాలనీలో నివాసుల పని, బడి, బంధువర్గం ఏవీ చెదరలేదు. దానికి భిన్నంగా, ఒకే ప్రాంగణంలో 15,660 ఇళ్లతో 2023లో ప్రారంభమైన కొల్లూరు సముదాయం నగరం వెలుపలి వలయ రహదారి దాపున ఉంది. నగరం నడుమ పని చేసుకొని బతికే కుటుంబానికి అక్కడి ఇంటి తాళంచెవి అందినంత మాత్రాన సమస్య తీరదు. రోజూ పోనురాను పట్టే సమయం, ఖర్చు ఆ ఉచితపు ఇంటికి చెల్లించే అద్దెతో సమానం. వరద తరువాత నది ఒడ్డు వాడలను తొలగించిన మండలి, కొత్త ఇళ్లను నాంపల్లిలో, మల్లేపల్లిలో, అంటే పని దొరికే చోటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో కట్టిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవలసి ఉంది. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద సొంత జాగా ఉన్న కుటుంబానికి 5 లక్షల రూపాయల సహాయం అందుతుంది. అయితే నగరంలోని పేదకు లేనిది ఆ జాగాయే.

ఆ జాగాలు ఎవరి దగ్గర ఉన్నాయంటే, ఎంతోకొంత ఇప్పటికీ బోర్డు దగ్గరే ఉన్నాయి. పాత కాలనీల మధ్య మిగిలిపోయిన ముక్కలను బోర్డు వేలం వేస్తున్నది. 2025లో కూకట్‌పల్లి కాలనీలోని స్థలాలను వేలానికి పెట్టినప్పుడు స్థానికుల నుంచి అభ్యంతరాలు, నిరసనలు ఎదురయ్యాయి. ఖజానాకు సొమ్ము రావడం అవసరమే. ఆక్రమణల పాలయ్యే ముక్కలను ఊరికే వదిలేయడం కూడా బాధ్యత కాదు. కాని పని దొరికే చోట, రోడ్డు, నీరు, మెట్రో అన్నీ ఉన్న చోట ప్రభుత్వం చేతిలో ఉన్న నేలను అధిక ధరకు అమ్మి, ఆ సొమ్ముతోనో మరో సొమ్ముతోనో పేదలకు ఊరి వెలుపల ఇళ్లు కట్టడం లెక్కల పుస్తకంలో లాభంగా కనిపించినా, గృహనిర్మాణ సంస్థగా చూస్తే తలకిందుల వ్యవహారం. అటువంటి స్థలాల్లో కొన్నిటినైనా అద్దె ఇళ్లకు, అంటే పనికోసం నగరానికి వచ్చే కూలీలకు, ఒంటరి స్త్రీలకు, చిన్న జీతగాళ్లకు న్యాయమైన అద్దెకు ఇచ్చే ప్రభుత్వ నివాసాలకు కేటాయించడం బోర్డు మొదటి పనికి మళ్లీ చేరువ కావడమే అవుతుంది. దానికి కొత్త చట్టం అక్కర లేదు. పథకాలు రూపొందించి, ఇళ్లు కట్టి, అద్దెకిచ్చే అధికారం 1956 చట్టంలోనే ఉంది.

బోర్డు కాలనీల్లో నివసించే శ్రోతలు చేయగలిగిన పని కూడా ఒకటి ఉంది. ఆమోదం పొందిన లేఅవుట్‌లో పార్కుకు, బడికి, ఆటస్థలానికి విడిచిన జాగాలు అమ్మకపు ముక్కలు కావు. వాటి గుర్తులు ఆ పటంలోనే ఉంటాయి. ప్రతి కాలనీ సంక్షేమ సంఘం తమ ఫేజ్ లేఅవుట్ పటం నకలును సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకొని, ఖాళీ జాగాలను దానితో సరిపోల్చి, సంఘం దస్తావేజుల్లో భద్రపరచాలి. వాయిదాలన్నీ తీరినా విక్రయ దస్తావేజు ఇంకా పొందని కుటుంబాలు కేటాయింపు పత్రాన్ని, చెల్లింపు రసీదులను జాగ్రత్త చేసుకొని, అలాట్‌మెంట్ పొందిన పెద్దలు బతికి ఉండగానే రిజిస్ట్రేషన్ పూర్తి చేయించుకోవాలి.